చెమ్మ ఉన్న చోటే జెర్రి

వానాకాలంలో బందరు, గుడివాడ, దివిసీమ ఇళ్ళకు పిలవని చుట్టం ఇది. చెప్పుతో కొడితే ఆ ఒక్కటే పోతుంది. చెమ్మను ఆరబెడితే దాని దారే మూసుకుపోతుంది. ఇంటి చుట్టూ ఏం చూసుకోవాలి, కరిస్తే ఏం చేయాలి, అన్నిటికీ మించి ఏ పొరపాటు చేయకూడదు?

కాలవలకు నీళ్ళు వదిలారన్న కబురు, గట్టిగా పడిన తొలి వాన, బాత్రూం మూలన కనిపించిన తొలి జెర్రి. దిగువ కృష్ణా డెల్టాలో ఈ మూడూ ఇంచుమించు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. జెర్రి కనిపించగానే ఇల్లంతా లేస్తుంది. చీపురుకట్ట, చెప్పు, కిరసనాయిలు, మరిగే నీళ్ళు... ఎవరి ఆయుధం వారిది. చచ్చిందని తేలాక దాన్ని చేటలోకి ఎత్తి బయట పారేసి, గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాం. మర్నాడు రాత్రి అదే మూలన ఇంకొకటి.

జెర్రి మనుషుల్ని వెతుక్కుంటూ రాదు. దానికి కావలసినవి మూడు: ఒంటికి చెమ్మ, దాక్కోవడానికి ఇరుకు సందు, తినడానికి పురుగు. ఈ మూడూ మన ఇంట్లోనే ఉంటే గడప దాటక ఏం చేస్తుంది? అందుకే జెర్రి బెడద ఉన్న ఇంట్లో ముందు వెతకాల్సింది జెర్రిని కాదు, నీరు ఎక్కడ నిలుస్తోందన్నది.

నీళ్ళ మధ్య ఊళ్ళు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్నదే దివిసీమ: అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు. కాస్త ఉత్తరాన బందరు. అటు గుడివాడ దాటితే నేల కొల్లేరు వైపు వాలిపోతుంది. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీళ్ళతోనే ఈ సీమ వరిసీమ అయింది. వరిసీమ అంటే ఏడాదిలో సగం రోజులు నేల తడిగా ఉండే సీమ. దానికి తోడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మురుగు కాలవలు. నాలుగడుగులు తవ్వితే ఊట తగిలే ఊళ్ళు ఇక్కడ ఎన్నో.

జెర్రికి చెమ్మ కావాలి గానీ మునక అక్కర్లేదు. అసలు సంగతి ఇక్కడే ఉంది. చాలా పురుగుల ఒంటిమీద నీరు ఆవిరి కాకుండా కాపాడే మైనపు పూత ఉంటుంది. జెర్రికి ఆ పూత సరిగా ఉండదు. ఊపిరి తీసుకునే రంధ్రాలను గట్టిగా మూసుకునే ఏర్పాటూ దానికి లేదు. ఎండలో కాసేపు ఉంటే ఎండిపోతుంది. అందుకే పగలంతా మట్టి బొరియల్లో, రాళ్ళ కింద, కుళ్ళిన ఆకుల అడుగున పడుకుని రాత్రిళ్ళు తిరుగుతుంది. వాన పడి బొరియ నిండితే ఉక్కిరిబిక్కిరై మెరక కోసం పాకుతుంది. చేను మునిగితే గట్టుకు, గట్టు మునిగితే పశువుల పాకకు, పాక తడిస్తే ఇంటి అరుగు మీదికి చేరుతుంది. పాములూ తేళ్ళూ పట్టే దారి కూడా ఇదే.

వరద వచ్చిన ఏడు ఈ వలస ఇంకా ఎక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్ళింది. బ్యారేజీ చరిత్రలో అదే పెద్ద వరద. దివిసీమ వైపు లంకలను కృష్ణ ముంచితే, గుడివాడ వైపు నందివాడ మండలాన్ని బుడమేరు వాగు నీళ్ళు చుట్టుముట్టాయి. నీరు తీశాక ఇళ్ళలో మిగిలేది బురద ఒక్కటే కాదు. బురద కింద, తడిసిన బస్తాల కింద ఏమేం చేరాయో చూసుకోకుండా చెయ్యి పెట్టకూడదని ఇక్కడి పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాకలు పోయి డాబాలు వచ్చినా బెడద పూర్తిగా పోలేదు. పునాదిలో బుసక పోసి, ఎత్తు లేపి కట్టిన ఇల్లు కూడా, వీధిలో సిమెంటు రోడ్డు మీద మరో రోడ్డు పడేసరికి పల్లంలోకి దిగిపోతోంది. వాన నీరు బయటికి పోయే దారి లేక గోడ మొదట్లోనే నిలుస్తుంది. చెమ్మ గోడలోకి పాకి, ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది. ఆ పెచ్చుల వెనక ఏర్పడే బోలు జెర్రికి సిద్ధంగా ఉన్న గది.

జెర్రా? రోకలిబండా?

కాళ్ళు ఎక్కువున్న ప్రతి పురుగూ జెర్రి కాదు. వానాకాలంలో గోడల మీద, గచ్చుల మీద గుంపులు గుంపులుగా నెమ్మదిగా పాకే నల్లటి, గుండ్రటి పురుగు రోకలిబండ. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోతుంది. కుళ్ళిన ఆకులు దాని తిండి. దానికి విషపు కోరలు లేవు, కరవదు. కొన్ని రకాలు బెదిరితే ఒంటినుంచి ఘాటైన ద్రవం వదులుతాయి. అది చర్మానికి అంటితే గోధుమరంగు మరక పడుతుంది, కంట్లో పడితే మండుతుంది. చీపురుతో చేటలోకి తోసి పెరట్లో వదిలేస్తే సరిపోతుంది.

జెర్రిది బల్లపరుపు ఒళ్ళు, మెరుపు నడక. ఒక్కో కణుపుకు ఒక్కో జత కాళ్ళు పక్కలకు చాచి ఉంటాయి. రోకలిబండకైతే చాలా కణుపులకు రెండేసి జతలు, అవీ పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. చుట్ట చుట్టుకునేది రోకలిబండ, మెలికలు తిరుగుతూ పారిపోయేది జెర్రి. ఈ ఒక్క గుర్తు పిల్లలకు నేర్పినా చాలు.

మన ఇళ్ళలో కనిపించే జెర్రులు ముఖ్యంగా మూడు తీరులు. మొదటిది, అందరూ భయపడే పెద్ద జెర్రి. వేలెడు పొడుగు దాటి కూడా పెరుగుతుంది. తేనె రంగులోనో, ఎర్రమట్టి రంగులోనో, నలుపు కలిసిన ఆకుపచ్చలోనో ఉంటుంది. 21 జతల కాళ్ళు. మన దేశమంతటా ఎక్కువగా కనిపించే పెద్ద జెర్రికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్కోలోపెండ్రా మోర్సిటాన్స్. గట్టిగా కరిచేది ఈ జాతే. రెండోది, దారంలా సన్నగా, ఎర్రగా, కాళ్ళు లెక్కపెట్టలేనంత దట్టంగా ఉండి బాత్రూం గచ్చు మీద పాకేది. మట్టిలో బతికే రకం. దీనివల్ల మనిషికి పెద్ద హాని లేదు. మూడోది, 15 జతల పొడుగాటి సన్న కాళ్ళతో సాలీడులా గోడమీద పరుగెత్తేది. చూడ్డానికి జడిపిస్తుంది గానీ మనిషిని కరవడం అరుదు.

పెద్ద జెర్రికి తల ఎటో తోక ఎటో చప్పున తెలియదు. వెనక చివరి కాళ్ళ జత పొడుగ్గా, మీసాల్లా ఉండడంతో తోకతో కుడుతుందని చాలామంది నమ్మకం. విషం ఉండేది తల దగ్గరే. ముందు జత కాళ్ళే మారి తల కింద రెండు వంకర కోరలయ్యాయి. వాటితోనే బొద్దింకను పట్టి విషం ఎక్కిస్తుంది, మనం తొక్కితే మనకూ ఎక్కిస్తుంది.

నూరు కాళ్ళు లేని శతపాది

పాఠ్యపుస్తకాలు శతపాది అంటాయి, మన సామెత వెయ్యి కాళ్ళ జెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా అంటుంది. రెండూ నిజం కావు. జాతిని బట్టి జెర్రికి 15 నుంచి 191 జతల కాళ్ళు ఉంటాయి. పెద్దయిన జెర్రికి జతల సంఖ్య ఎప్పుడూ బేసే. నూరు కాళ్ళు ఉండాలంటే 50 జతలు కావాలి, అది సరిసంఖ్య. కాబట్టి లెక్కకు సరిగ్గా నూరు కాళ్ళున్న జెర్రి దొరకదు. వెయ్యి దాటిన లెక్క రోకలిబండల వైపు తేలింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో గని కోసం వేసిన బోరు గుంతలో దొరికిన ఒక రోకలిబండకు 1,306 కాళ్ళున్నాయని 2021లో ప్రకటించారు.

నేలమీద నడిచిన పాత జీవుల్లో జెర్రులు ఉన్నాయి. 40 కోట్ల ఏళ్ళు దాటిన శిలాజాలు దొరికాయి. అంటే డైనోసార్లు పుట్టకముందే ఇవి వేటాడుతున్నాయి. ఇప్పటిదాకా ప్రపంచంలో గుర్తించిన జాతులు మూడు వేలకు పైనే. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో జాహ్నవి జోషి బృందం దక్షిణ భారతంలోని జెర్రుల వంశవృక్షాన్ని డీఎన్‌ఏ ఆధారంగా గీస్తోంది. ఖండాలు విడిపోయిన కథను, మన కొండల పాత చరిత్రను ఈ పురుగుల పుట్టుపూర్వోత్తరాల్లోంచి చదవవచ్చన్నది ఆ పరిశోధన సారం.

పెద్ద జెర్రి తల్లి గుడ్లు పెట్టి వాటి చుట్టూ ఒళ్ళు చుట్టుకుని కూర్చుంటుంది. బూజు పట్టకుండా గుడ్లను నాకి శుభ్రం చేస్తుంది. పిల్లలు విడిపోయేదాకా వారాల తరబడి కదలదు. పెరట్లో పాత ఇటుకల దొంతర కదిపినప్పుడు చుట్టుకుని ఉన్న జెర్రి కనిపిస్తే అది ఆ తల్లే కావచ్చు. ఆ దొంతర ఇంటి గోడకు ఆనుకుని ఉందా, దూరంగా ఉందా అన్నదే మనకు ముఖ్యం.

ఇంటి చుట్టూ ఒక చుట్టు

వాన వెలిసిన సాయంత్రం టార్చిలైటు పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. బెడద ఎక్కడినుంచి వస్తోందో చాలామటుకు అక్కడే తెలుస్తుంది.

గోడకు ఆనించి ఏమున్నాయి? మిగిలిపోయిన ఇటుకలు, పాత పెంకులు, కొబ్బరి మట్టలు, పొయ్యి కట్టెలు, పిడకల గూడు. వీటి అడుగున ఎప్పుడూ చెమ్మే. గోడకు కనీసం రెండు మూడు అడుగుల దూరానికి జరపండి. నేలమీద కాకుండా రెండు రాళ్ళమీద బల్ల వేసి పేర్చండి. గడ్డివాము, పేడకుప్ప ఇంటికి దూరంగా ఉండాలి. పూల కుండీలు స్టాండు మీద పెడితే అడుగు ఆరుతుంది. గోడ మొదట్లో రాలిన ఆకులు ఊడ్చేస్తే దాక్కునే చోటు సగం తగ్గుతుంది.

నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? వంటింటి తూము నీళ్ళు నేరుగా గోడ పక్కనే పడుతున్నాయా? ఏసీ గొట్టం చుక్కలు ఒకేచోట కారుతున్నాయా? అంట్లు తోమే గచ్చు పగిలిందా? కుళాయి కారుతోందా? ఇంటి చుట్టూ మట్టిని గోడనుంచి బయటికి వాలుగా సర్దితే వాన నీరు నిలవదు. జెర్రి మందుకు పెట్టే డబ్బు కంటే ఈ పనికి పెట్టే డబ్బుకు ఫలితం ఎక్కువ.

బాత్రూం జాలీ ఎలా ఉంది? పట్టణాల్లో జెర్రి ఇంట్లోకి వచ్చే పెద్ద దారి ఇదే. గచ్చు కింద గొట్టంలోని వంపులో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ నీళ్ళే కింది పురుగులకు అడ్డం. వాడని బాత్రూంలో ఆ నీళ్ళు ఎండిపోతాయి, దారి తెరుచుకుంటుంది. వారానికి ఒకటి రెండు సార్లు చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. జాలీ విరిగితే సన్న రంధ్రాలున్న స్టీలు జాలీ బిగించండి. రాత్రిళ్ళు మీద మూత పెట్టండి. మురుగు గొట్టం గోడలోకి దూరే చోట చుట్టూ ఉండే సందును సిమెంటుతో పూడ్చండి.

తలుపు కింద వెలుతురు కనిపిస్తోందా? పావు అంగుళం సందుంటే చాలు, బల్లపరుపు ఒంటి జెర్రికి అది సింహద్వారం. తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించండి. గడప, గచ్చు కలిసే చోట నెర్రెలుంటే పూడ్చండి. పెచ్చులూడిన గోడకు పైపైన సున్నం కొట్టి లాభం లేదు. వేసవిలో గోడ బాగా ఆరాక గీకి, చెమ్మ ఎక్కకుండా మందు కలిపిన పూత వేయించాలి.

ఇంట్లో ఏం దాస్తున్నాం? ధాన్యం బస్తాలు, గోనె సంచులు, చుట్టిపెట్టిన చాపలు, పాత పేపర్ల కట్టలు నేలమీద, మూలల్లో ఉండకూడదు. బొద్దింకలు ఎక్కువగా ఉంటే జెర్రికి రోజూ విందే. రాత్రి ఎంగిలి గిన్నెలు వదిలేయకుండా, చెత్తబుట్టకు మూతపెట్టి బొద్దింకలను తగ్గిస్తే జెర్రి తనంతట తానే తగ్గుతుంది. పెరట్లో నాటుకోళ్ళుంటే మంచిదే. కోడి కంట పడిన జెర్రి బతకడం కష్టం.

పడక ఎక్కడ? నేలమీద పడక మానితే సగం భయం తీరుతుంది. మంచం గోడకు ఆనించకండి, దుప్పటి నేలకు జారనివ్వకండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. నేపాల్‌లో చేసిన ఒక అధ్యయనంలో దోమతెర కింద పడుకునేవాళ్ళకు పాముకాట్లు బాగా తక్కువని తేలింది. దోమను, జెర్రిని, పామును ఒకేసారి ఆపే వస్తువు ఇంతకంటే చవగ్గా దొరకదు. పొద్దున్నే బూట్లు, హెల్మెట్టు, గచ్చుమీద వదిలిన తడిబట్టలు దులపందే వాడొద్దు.

మందు చల్లితే పోతుందా?

ఒకప్పుడు గడపల వెంట తెల్లగా గమాక్సిన్ పొడి చల్లని ఇల్లుండేది కాదు. ఆ పొడిలోని బీహెచ్‌సీని మన దేశం 1997లోనే నిషేధించింది. ఏళ్ళ తరబడి మట్టిలో, పాలలో, ఒంటి కొవ్వులో పేరుకుపోయే విషం అది. ఇప్పటికీ కొన్ని కొట్లలో ఏ పురుగుల పొడిని అడగాలన్నా ఆ పేరుతోనే అడుగుతారు. పేరు సరే, పొట్లం మీద ఏం రాసుందో చదివి కొనండి.

ఇళ్ళలో వాడే స్ప్రేలు జెర్రి మీద నేరుగా పడితే చంపుతాయి. అవి నిన్నటి జెర్రికి జవాబేగానీ రేపటి జెర్రికి కాదు. సందు, చెమ్మ అలాగే ఉంటే ఇంకొకటి వస్తుంది. చేనుకు తెచ్చిన మందు మిగిలింది కదా అని ఇంట్లో కొట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. మూసిన గదుల్లో, పసిపిల్లలు, పశువుల దగ్గర ఆ మందులు వాడకూడదు. ఇంకో మాట, ఇళ్ళలో వాడే సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు చేపలకూ రొయ్యలకూ మహా విషం. తూములో పోసింది మురుగు కాలవలో కలుస్తుంది. చెరువుల మీద బతికే సీమలో ఇది మరిచిపోకూడదు.

ఉప్పు, పసుపు నీళ్ళు, సున్నం, ఫినాయిలు ఆ పూటకు దారి మళ్ళించవచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. కిరసనాయిలు పోయడం అగ్గికి దారి.

కరిస్తే...

పెద్ద జెర్రి కాటు మంట మామూలుగా ఉండదు. క్షణాల్లో భగ్గుమంటుంది, చుట్టూ ఎర్రబడి వాస్తుంది. గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళ కట్టవచ్చు, కొందరికి కాస్త జ్వరం, వికారం కలగవచ్చు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ప్రాణం పోవడం ప్రపంచమంతటా బహు అరుదు. వైద్య గ్రంథాలు పదేపదే చెప్పేది ఫిలిప్పీన్స్‌లో తలమీద కాటుపడిన ఏడేళ్ళ బిడ్డ కేసు ఒక్కటే. జెర్రి విషానికి విరుగుడు సూది అంటూ లేదు, నొప్పికే వైద్యం.

• కాటును సబ్బుతో, నీళ్ళతో బాగా కడగండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి.

• చెయ్యి ఓర్చుకోగల వేడినీళ్ళలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, కాసేపు ముంచి ఉంచండి. లేదా గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెట్టండి. తైవాన్‌లో ఈ రెంటినీ నొప్పి తగ్గించే సూదితో పోల్చి చూశారు. మూడూ పనిచేశాయి. షుగరు వ్యాధితో కాళ్ళు మొద్దుబారినవాళ్ళు వేడినీళ్ళు వాడకూడదు, బొబ్బలెక్కినా తెలియదు.

• నొప్పికి పారాసిటమాల్ చాలు. టెటనస్ సూది గడువు దాటితే వేయించుకోండి.

• బ్లేడుతో కోయడం, తాడుతో బిగించి కట్టడం, నోటితో పీల్చడం, ఆకు పసర్లు పట్టించడం వద్దు.

• ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు, మొహం వాపు, కళ్ళు తిరగడం ఉంటే, కాటు పడింది పసిపిల్లలకైతే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చెవిలో జెర్రి దూరుతుందన్న భయం పల్లెల్లో ఎక్కువ. నిజానికి చెవిలో దూరే పురుగుల్లో ముందు వరుస బొద్దింకలదే. ఏది దూరినా పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి కెలకొద్దు. కర్ణభేరికి దెబ్బ తగిలితే అది పురుగు కంటే పెద్ద నష్టం. చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

చీకట్లో కరిచింది ఏది?

అసలు ప్రమాదం జెర్రి కాదు, జెర్రే అనుకోవడం. దివిసీమలో ఈ మాట గట్టిగా చెప్పాలి. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రాంతీయ ఆసుపత్రికి పాముకాటు బాధితులు వరుస కట్టారు. భయం ఎంతగా ముదిరిందంటే ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేయించారు. చేలకు నీళ్ళెక్కి బొరియలు నిండే కాలం అది. జెర్రులు ఇళ్ళెక్కే కాలమూ అదే.

పాముల్లో కట్లపాము తీరు వేరు. రాత్రిళ్ళు ఇళ్ళలోకి వచ్చి, నేలమీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు సరిగా కనిపించదు, వాపు రాదు. ఏ జెర్రో, పురుగో పాకిందనుకుని మళ్ళీ పడుకుంటారు. కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలవుతాయి. చివరికి ఊపిరి ఆగుతుంది. జెర్రి కాటైతే మంట వెంటనే, భరించలేనంతగా ఉంటుంది. అయితే ఈ తేడాను నమ్ముకుని ఇంట్లోనే తేల్చేయకూడదు. జెర్రి కోరల గాట్లూ రెండే, రక్తపింజరి కాటూ భగ్గుమనే మండుతుంది. ఎర్రతేలు కుడితే పిల్లలకు చెమటలు, చేతులు కాళ్ళు చల్లబడడం, వాంతులు వస్తాయి, గుండెకు ముప్పు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వేళకు చేరితేనే అది పనికొస్తుంది.

కాబట్టి, ఈ ఆదివారం ఒక గంట కేటాయించి గోడ పక్క ఇటుకలు జరపండి, జాలీకి మూత కొనండి, తలుపుకు రబ్బరు పట్టీ కొట్టించండి, దోమతెర దించండి. కళ్ళారా జెర్రిని చూసి, కరిచింది అదేనని తేలితే ఇంట్లోనే వేడినీళ్ళు పెట్టుకోండి. కరిచినదాన్ని చూడకపోతే మాత్రం జెర్రే అయ్యుంటుందని పడుకోవద్దు. ఆ చెయ్యినో కాలునో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. తీరా జెర్రే అని తేలితే పోయేది ఒక రాత్రి నిద్ర, అంతే.